గడప దాటినవాడు

నాందేడులో గోదావరి యొడ్డున బందా ఘాట్ అను గురుద్వారా గలదు. సచ్‌ఖండ్ హుజూర్ సాహెబు దర్శనమునకు వచ్చిన యాత్రికులు అక్కడకు కూడ పోయి వచ్చుచుందురు. మన తెలుగు కుటుంబములవారు పుష్కర స్నానమునకో, ఊరినుండి వచ్చిన చుట్టములకు నదిని చూపుటకో ఆ దరిని నడచియే యుందురు గాని, ఆ పేరు ఎవరిదని విచారించినవారు తక్కువ. అది ఒక బైరాగికి తరువాత వచ్చిన పేరు. 1708వ సంవత్సరమున ఈ యొడ్డున ఆశ్రమము కట్టుకొని యుండిన మాధవదాసు అను వైష్ణవ బైరాగి, గురు గోవిందసింహుని సందర్శించి, తన పూర్వాశ్రమమును విడిచి సిక్కు మతమును పుచ్చుకొనెను. ఎనిమిదేండ్లు తిరుగకమున్నే ఆ మతముకొరకు ఢిల్లీలో ప్రాణములిచ్చెను. అట్లిచ్చిన పిమ్మట కూడ, అతడు నిజముగా మనవాడా యను ప్రశ్న ఆ మతస్థులలో కొందరిని విడువలేదు.

ఈ సంచికలలో సామాన్యముగా మన కవులను గూర్చియు, పండుగలను గూర్చియు వ్యాసములు వచ్చును. ఈమారు మేము ఈ బైరాగిని అడ్డము పెట్టుకొని ఒక ప్రశ్న నడుగదలచితిమి. ఒక మతమును పుట్టుకచేత గాక, తెలిసి, కోరి పుచ్చుకొన్నవాడు, అందును కఠిన నియమములు గల మతమును పుచ్చుకొన్నవాడు, ఎన్నాళ్లకు ఆ యింటివాడగును? ఇది మతాచార్యులు తేల్చుకొనవలసిన సంగతి, మనకేల యని కొందరనవచ్చును. కాని పరభాషా ప్రాంతమున మూడు నాలుగు తరములుగా కాపురముండి, ఇప్పటికిని 'మీదేయూరు?' అని అడిగించుకొనుచున్న మనకంటె ఈ ప్రశ్నను బాగుగ నెరుగవలసినవారెవరు? 1956 నవంబరు 1వ తేదీవరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు తాలూకాలలో తెలుగు వీధులలో వినబడు భాష. తరువాత మనము కదలలేదు; మనచుట్టునున్న గీత కదలెను. అయినను ఆ గీతచేత మనము బయటివారమైతిమి. తానే కదలి గీత దాటినవాని మనస్సు ఎట్లుండునో ఊహించుట మనకు కష్టము కాకూడదు.

మొదట ఒక చిన్న సంగతి. మనలో ఎవరైనను గురుద్వారాకు పోయినపుడు తలపై రుమాలు కప్పుకొని, కాళ్లు కడుగుకొని లోనికి పోవుదుము. లంగరులో పంక్తిని కూర్చుందుము. రుమాలు జారినచో పక్కనున్న వృద్ధుడు నవ్వుచు సవరించుకొమ్మని సైగ చేయును. రొట్టెను రెండు చేతులతో పట్టవలెనని తెలియక ఒక చేయి చాచినచో వడ్డించువాడు కొంచెము ఆగి ఊరకుండును. మనము అతిథులము. అతిథి తప్పు నవ్వులో కలసిపోవును. కాని నిన్న అమృతము పుచ్చుకొన్నవాడు అదే తప్పు చేసినచో అది లెక్కలోనికి వచ్చును. వానికి అతిథి స్వేచ్ఛ పోయినది. ఇంటివాని చనువు ఇంకను రాలేదు. బయటివాడనని అతనికి తోచుట ఆ నడిమి యిరుకులోనిది. నిజముగా బయటనున్న మనకు అది తోచదు.

మన స్త్రీలకు ఈ యిరుకు వివరింపనక్కరలేదు. ఆడపిల్ల ఆడపిల్లయే గాని ఈడపిల్ల గాదని మనవారు చేయు మాటల చమత్కారములో ఎంత కన్నీరున్నదో వారెరుగుదురు. పెండ్లినాడు ఇంటిపేరు మారును, గోత్రము మారును. అత్తవారింట పదియేండ్లు పొయ్యి ముట్టించిన పిమ్మట కూడ, పులుసులో ఉప్పు హెచ్చయిననాడు 'వాళ్ల యింటి పద్ధతి' అందురు. పుట్టింటికి వచ్చినపుడు తల్లి పీట వేసి కూర్చుండబెట్టి వడ్డించును. ఒకప్పుడు తనచేత వంటపాత్రలు తోమించిన తల్లియే ఇప్పుడు లేవనీయదు. ఆ మర్యాదయే గుండెను కోయును. మతము మారినవానికి ఈ రెండిండ్ల బాధయు గలదు. ఐనను కోడలికున్న ఒక సదుపాయము వానికి లేదు. కోడలు రావలెనని ఆ యింటివారు ముందుగా పోయి అడిగిరి. వీనిని రమ్మని ఎవరును అడుగలేదు, తనంతట వచ్చినాడు. తనంతట వచ్చినవానిని చూచి లోకము మొదట తలంచునది, ఏమి ఆశించి వచ్చినాడో యని.

కఠిన నియమములే కొత్తవానిని దూరముంచునని సాధారణముగా అనుకొందురు. మేమును అట్లే తలంచియుంటిమి. ఆలోచింపగా అది సరిగాదని తోచుచున్నది. నియమము ఎంత కఠినమైనను నేర్చుకొనదగినది. కేశములు తీయరాదు, దువ్వెన, కడియము, కృపాణము, కచ్చ ధరింపవలెను, పొగాకు ముట్టరాదు అని చెప్పినచో, వారము దినములలో నేర్చుకొనవచ్చును; నూరేండ్లు పాటింపవచ్చును. తాత సిక్కైనవానికిని నిన్న సిక్కైనవానికిని కడియము ఒకే యినుముతో చేసినదే. నిజమునకు నియమము కొత్తవాని పాలిటి స్నేహితుడు. వానిని దూరముంచునది నియమము గాక అలవాటు. అది ఏ గ్రంథములోను వ్రాయబడియుండదు. ఏ కీర్తన ఏ మేనత్త పాడుచుండెనో, ఏ మాటకు అందరు ఒక్కసారి నవ్వుదురో, ఏ పెద్దను గూర్చి మాట్లాడునపుడు గొంతు తగ్గింపవలెనో, ఇవి నేర్చుకొనుటకు బడి లేదు. బాల్యము ఒక్కటే బడి. అది అతనికి మరియొకచోట గడచిపోయినది.

ఈ భేదమును మనస్సునం దుంచుకొని బైరాగి కథను చూతము.

అతడు కాశ్మీర ప్రాంతపు రాజౌరివాడు. 1670లో పుట్టెననియు, పేరు లక్ష్మణదేవుడనియు, వేటలో చూలి లేడిని కొట్టి, దాని కడుపులోని పిల్లలు తన కనులయెదుట చచ్చుట చూచి విరాగియయ్యెననియు చెప్పుదురు. నాసిక పంచవటిలో కొంతకాల ముండి, గోదావరి వెంబడి దిగివచ్చి ఇక్కడ నిలిచెను. 1708లో గురు గోవిందసింహుడు బహదూర్‌షా చక్రవర్తి దండుతోపాటు దక్షిణమునకు వచ్చి నాందేడున విడిసెను. అప్పటికి ఆయన నలుగురు కుమారులును పోయియుండిరి. కడపటి యిద్దరు పసివారిని సర్హిందు ఫౌజుదారు గోడలో పెట్టి కట్టించెనని లోకవిదితము. గురువు మాధవదాసు లేని సమయమున ఆశ్రమమునకు పోయి అతని మంచముపై కూర్చుండెననియు, బైరాగి తన మంత్రశక్తులచే ఆ మంచమును తలక్రిందు చేయబూని ఓడెననియు, 'నీవెవడవు?' అని గురువడుగగా 'మీ బందాను' అనెననియు సిక్కుల ఐతిహ్యము. బందా యనగా దాసుడు. ఆ జవాబే అతనికి పేరుగా నిలిచెను. దీక్షానామము వేరుగ నుండెనందురు గాని లోకము దానిని వాడలేదు. ఇది మాకు వింతగా తోచును. సింహమను మాట చివర చేరినను, మొదట నిలిచినది వచ్చినవాడు గడపలో నిలిచి పలికిన మాట.

గురువు అతనికి ఐదు బాణములును, జెండాయు, నగారాయు, పంజాబు సిక్కులకు వ్రాసిన ఆజ్ఞాపత్రములును ఇచ్చి, తోడుగా కొలదిమందిని పంపెను. వారిలో వినోదసింహుడు, కాహనసింహుడు, బాజసింహుడు మొదలైన ఐదుగురు పాత సిక్కులు. కొన్నాళ్ల క్రితము దీక్ష పుచ్చుకొన్న బైరాగి నాయకుడు. ఏండ్ల తరబడి గురుసేవ చేసినవారు అనుచరులు. ఆ దారిలో వారి మనస్సులలో ఏమి జరిగెనో ఎవరును వ్రాయలేదు. మన కార్యాలయములలో నిన్న చేరినవాడు పెద్ద కుర్చీలో కూర్చున్నపుడు పాత గుమాస్తాల మొగములు చూచినవారికి కొంత తెలియును. అక్టోబరులో గురువు ఇక్కడనే పరమపదించెను. బందాను ఇతడు మనవాడని సాక్ష్యము చెప్పదగిన ఒక్క మనుష్యుడును పోయెను.

తరువాతి కథ చరిత్ర పుస్తకములలో నున్నది. 1709 చివర సమానా, 1710 మే మాసమున చప్పర్‌చిడి యుద్ధము, సర్హిందు పతనము. నాణెములు ముద్రించినపుడు తన పేరు గాక గురునానక, గురుగోవిందుల పేర వేయించెను. ఇంటివాడైనచో తన పేరు వేసికొనునేమో, వచ్చినవాడు వేసికొనలేదు. కడపట 1715లో గురుదాస్ నంగల్ అను పల్లెలో మొగలు సైన్యము చుట్టుముట్టగా ఎనిమిది మాసములు నిలిచెను. ఆ ముట్టడిలోనే వినోదసింహునికిని బందాకును మాట పట్టింపు వచ్చి, వినోదసింహుడు తనవారితో వెడలిపోయెను. మిగిలినవారు ఆకలులు తిని పట్టుబడిరి.

1716లో బందాను, ఏడువందలకు పైబడిన అనుచరులను ఢిల్లీలో ఊరేగించి, దినమునకు కొందరి చొప్పున తలలు నరికిరి. అప్పుడు ఫరూఖ్‌సియర్ చక్రవర్తి దర్బారునకు రాయబారము వచ్చియుండిన ఇంగ్లీషు కంపెనీవారు జాన్ సుర్మన్, ఎడ్వర్డ్ స్టీఫెన్సనులు ఈ వధను చూచి, ప్రాణము దక్కునన్నను వారిలో ఒక్కడును తన మతమును వదలినట్లు కనబడలేదని మార్చి మాసమున తమవారికి జాబు వ్రాసిరి. జూనులో బందా వంతు వచ్చినది. పసివాడైన కుమారుని కన్నులయెదుట చంపిరి. మతము మార్చుకొనినచో విడుతుమన్నారు. ఒకసారి మతము మార్చుకొన్నవానికి రెండవసారి మార్చుకొనుట సులభమని వారు తలంచియుందురు. అతడు మారలేదు.

ఇట్టివానిని గూర్చి తరువాత వచ్చిన ఆక్షేపణలు వినుడు. అతడు నీలవస్త్రములకు బదులు ఎర్రని వస్త్రములు ధరింపజేసెను; మాంసము మానిపించెను; ఖాల్సావారి అభివందనమునకు బదులు 'ఫతే దర్శన్' అనిపించెను. ఇవి నిజమో కావో చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. అతని జీవితమును 1935లో వ్రాసిన గండాసింగ్ గారు ఇట్టి నిందలలో పెక్కింటిని అంగీకరింపలేదు. మాకు తోచునది వేరొకటి. ఈ ఆక్షేపణలన్నియు ఒక్క వాక్యమును చెప్పుచున్నవి: వీనిలో బైరాగి ఇంకను చావలేదు. శాకాహారము బైరాగిది, రంగు బైరాగిది. పుట్టుసిక్కు ఎవడైన మాంసము మానినచో అది అతని యిష్టమనుకొందురు. బందా మానినచో అది పూర్వవాసన యగును. అలవాటు నేర్చుకొనబడలేదన్న అసంతృప్తి, నియమభంగమన్న నేరముగా మారి బయటపడెను. పైన మేము నియమమును స్నేహితుడంటిమి. ఆ స్నేహితుని చేతికి కత్తి నిచ్చుట ఎంత సులభమో ఇక్కడ కనబడుచున్నది.

అతని మరణము తరువాత సిక్కులు తత్ ఖాల్సా, బందయీ అని రెండు పక్షములైరి. అమృతసరమున కానుకలలో పాలుకొరకు తగవు వచ్చెను. 1721లో భాయి మణిసింహుడు రెండు చీటీలు సరస్సులో వేయించి, తేలినవారిది గెలుపని తీర్పు చెప్పించెనందురు. తత్ ఖాల్సా చీటి తేలెను. బందయీలు క్రమముగా కలిసిపోయిరి, లేదా తొలగిపోయిరి. ఈనాడు అదే బందాను సిక్కులందరు మహావీరుడని కొనియాడుదురు. రవీంద్రనాథ ఠాకూరు కూడ అతనిపై కావ్యము వ్రాసెను. చచ్చి చాలకాలమైనవానిని మనవాడనుటలో ఎవరికిని నష్టము లేదు గదా!

ఇది చదివి, సిక్కు మతమును మేము తప్పుపట్టుచున్నామని ఎవరును అనుకొనరాదు. ఈ విషయమున ఆ మతము చేసినంత సాహసము మరియొక మతము చేసినట్లు మేమెరుగము. 1699 వైశాఖినాడు ఆనందపురమున గురువు తల కోరగా లేచినవారు ఐదుగురు. ఒకడు లాహోరు ఖత్రి, ఒకడు హస్తినాపురపు జాటు, ఒకడు జగన్నాథము నుండి వచ్చిన నీరుమోయువాడు, ఒకడు ద్వారకవాడు, ఒకడు మన పొరుగుననున్న బీదరు మంగలి సాహిబ్‌చందు. గురువు వారికి అమృతమిచ్చెను. పిమ్మట తానే వారియెదుట చేతులు జోడించి నిలిచి, అదే అమృతము తనకును ఇమ్మని వేడెను. అనగా ఖాల్సాలో గురువు ఆరవవాడు. ఆ గడపను ఆయన కూడ బయటినుండి దాటి వచ్చెను. తరువాతివారు ఈ కథను ఏటేట చెప్పుకొనుచునే యున్నారు. చెప్పుకొనుచునే బందాను లెక్క అడిగిరి. కథను ఎరుగుట వేరు, కథ కోరినట్లు నడచుట వేరు; మనకు మాత్రము రామాయణము తెలియదా?

బీదరు మాట వచ్చినది గనుక ఆ దాపుననున్న కల్యాణమును తలంపకుండ పోజాలము. పన్నెండవ శతాబ్దమున బిజ్జలుని కాలమున బసవేశ్వరుడు అక్కడ వీరశైవమును నెలకొల్పెను. ఆయనయు పుట్టుకచే బ్రాహ్మణుడు, కోరి వచ్చినవాడే. ఆ మత నియమములు ఎంత బిగువైనవో పాలకురికి సోమనాథుని బసవపురాణము చదివినవారెరుగుదురు. భవి ముఖము చూడరాదు, భక్తుని కులమడుగరాదు. పూజలో, పంక్తిలో ఈ మాట నిలిచెను. మధువరసు అను బ్రాహ్మణభక్తుని కుమార్తెను, హరళయ్య అను మాదిగభక్తుని కుమారునికిచ్చి పెండ్లి చేసిననాడు దాని పరీక్ష వచ్చెను. శరణులు ఆ పరీక్షలో నెగ్గిరి. రాజ్యము నెగ్గలేదు, ఆ యిద్దరు తండ్రులను ఏనుగు కాళ్లకు కట్టి ఈడ్పించిరని వీరశైవుల కథనము. ఇన్ని తరములు గడచినను పరీక్ష మారలేదు. కొత్తగా వచ్చినవానిని ప్రార్థనలో పక్కన నిలుపుకొనుట తేలిక. 'నీకు మా పిల్లనిత్తుము' అనుటకు ఎవరు ముందునకు వత్తురో చూడవలెను.

గుంపుగా మారినవారికి ఈ బాధ కొంత తక్కువ. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కదినమున 2,222 మంది మాదిగలు బాప్తిస్మము పొందిరి. 1956 అక్టోబరు 14న నాగపురమున డాక్టరు అంబేడ్కరుతో లక్షలమంది బౌద్ధ దీక్ష గైకొనిరి. వారు పెండ్లికి సంబంధము, శవమునకు భుజము తమలోనే సమకూర్చుకొనిరి. గ్రామస్థుల వైరము వారికి తక్కువ కాలేదు. కాని మతములోపల వారు ఒంటరులు కారు. ఒక్కడుగా వచ్చినవాని పని వేరు. ఆంధ్ర క్రైస్తవులు నేటికిని పాడుకొను కీర్తనలలో ఎన్నింటినో రచించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబము నుండి ఒంటరిగా వెడలినవాడు. వెడలునపుడు రాగతాళములను వెంట తీసికొనిపోయెను. విడిచిన యింటినుండి మోసికొని వచ్చిన మూట అట్లు కొత్త యింటికి సొత్తయ్యెను. బందా మూట నేరమైనది. చౌదరి మూట నిధియైనది. మూటలో నేమున్నదో దానిని బట్టి ఇది జరుగునా, విప్పి చూచినవారి మనస్సును బట్టి జరుగునా?

మన పాత హైదరాబాదు రాష్ట్రములోనే మరియొక యుదాహరణము గలదు. 1917లో ఇస్లామును బహిరంగముగా స్వీకరించిన ఆంగ్లేయుడు మార్మడ్యూక్ పిక్‌థాల్ 1925లో నిజాము కొలువునకు వచ్చి పదియేండ్లు ఉండెను. నిజాము జీతముతో సెలవియ్యగా ఖురానును ఇంగ్లీషులోనికి తెచ్చెను. అది 1930లో వెలువడెను. భాషలో అంతటి పండితుడు, ఇల్లు వదలి వచ్చినవాడు, తన పని సరియైనదో కాదో చూడుమని ఈజిప్టునకు పోయి అక్కడి పండితుల నాశ్రయించెను. ఖురానును అనువదించుటయే తగదని వాదించువారు అప్పుడక్కడ పలువురు. పుస్తకమునకు పేరు పెట్టునపుడు ఖురాను అని యూరకొనక, ఖురాను యొక్క అర్థము అని పెట్టెను. ఆ పేరును ఆయన విశ్వాసమే పెట్టించెనని మేమొప్పుకొందుము. అయినను గడపలో నిలిచినవాడు లోనికి రావచ్చునాయని అడుగునట్టి వినయము కూడ మాకు ఆ పేరులో వినబడుచున్నది.

అందరును ఇట్టి వినయవంతులు కారు. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడను సామెత ఊరకే పుట్టలేదు. కొత్తగా చేరినవాడు ఇంటివారికంటె ఎక్కువ మడి కట్టును. పుట్టుభక్తుల అలసత్వమును వెదకి పట్టుకొనును. విడిచిన యింటిని నలుగురిలో తిట్టును. ఇది చూచువారికి రోతగానుండును, మేమును విసుగుకొనియుంటిమి. కాని అతడట్లు చేయుట ఎందుకనగా, ఇంటివానికి రుజువు అక్కరలేదు; ఇతడు దినదినము రుజువు చూపవలెను. నమాజు మానిన పుట్టుముసల్మాను సోమరి. మానిన కొత్తవాడు కపటి. సంధ్య వార్చని మనలో ఎవనినైన నీవు హిందువవేనాయని ఎవరైన నిలువేసిరా?

పుట్టినవారి భద్రత కూడ అంత గట్టిదేమి కాదు. ఈ నాందేడులోనే చూడుడు. 1830 ప్రాంతములలో మహారాజా రంజిత్‌సింగు హుజూర్ సాహెబు మందిరమును కట్టించెను. ఇంచుమించు అదే కాలమున నిజాము దివాను చందూలాలు పిలిపించగా లాహోరు సైనికులు హైదరాబాదునకు వచ్చి దక్కనులో స్థిరపడిరి. వారి సంతతి మన దక్కనీ సిక్కులు. తెలుగు వీధులలో పెరిగినవారు తెలుగు మనవలెనే మాట్లాడుదురు. ఇక్కడి మందిరములో దీపములతో ఆరతి గలదు, గోదావరినుండి బిందెతో నీరు తెచ్చి కడుగు ఆచారము గలదు, ఆదిగ్రంథముతోపాటు దశమగ్రంథమును గలదు. పంజాబులో 1945లో ఏర్పరచిన మర్యాదలో వీనిలో కొన్నింటికి చోటు లేదు. కనుక ఉత్తరమునుండి వచ్చిన యాత్రికుడు కొన్నిటిని చూచి ముఖము చిట్లించును. ఐదారు తరముల సిక్కు, తన గురువు దేహము చాలించిన స్థలముననే నిలిచి, తన యాచారమునకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును.

ఇంక మన వీధికి వత్తము. పేరు చెప్పము. మగ్గముల కుటుంబమునకు చెందిన ఒక యువకుడు, మన బడిపిల్లలతో కలసి చదివినవాడే, కొన్నేండ్ల క్రిందట అమృతము పుచ్చుకొనెను. లంగరు సేవకు పోవుచు పోవుచు అట్లు జరిగినదని కొందరు, అప్పులపాలై జరిగినదని కొందరు చెప్పుకొనిరి. అతనిని అడిగినవారు లేరు. మేమును అడుగలేదు.

తండ్రి పోయి చాలకాలమైనది. ఇంటికి అతడు పెద్దకొడుకు. అతని నియమము తద్దినము నొప్పుకొనదు. కనుక తమ్ముడు పెట్టును. మొదటి యేట తల్లి, 'పెద్దవాడు బ్రతికియుండగనే చిన్నవాని చేతిమీదుగానా' అని గోలపెట్టి యేడ్చినది. అతడు ఆ దినము రాడని అందరు తలంచిరి. తెల్లవారుజామున భుజముపై బిందెతో వచ్చి, గోదావరి నీరు వాకిట దింపి, అరుగుమీద కూర్చుండెను. లోన మంత్రములు జరుగుచుండగా తమ్ముని పిల్లలను ఆడించెను. ప్రతియేట అంతే. ఆ నీరు తెచ్చుట తన కొత్త మర్యాదకు సరియేనా యని అతడు ఎవరి నడిగినట్లును లేదు. ఆ నీరు వంటకు వాడవచ్చునా యని పురోహితుని తమ్ముడు అడిగినట్లును లేదు. వారిద్దరు అడుగకుండుటలోని వివేకము మాకు చాల గ్రంథములలో కనబడలేదు.

ఒక ఉగాదికి అతడు మన సభకు వచ్చెను. నీలపు తలపాగ, గడ్డము. వాకిట నిలిచిన మనవారే, చిన్ననాడు అతనితో గోళీలాడినవారే, 'ఆయియే సర్దార్జీ, ఇధర్ బైఠియే' అని హిందీలో మర్యాద చేసి ముందువరుసలో కుర్చీ చూపిరి. అతడు 'నేను వెనుకనే కూర్చుంటాలే' అని తెలుగున చెప్పి, ఎప్పుడును కూర్చుండు స్తంభము దగ్గరకు పోయెను. ఆ కుర్చీ చూపినవారిలో మేమును ఉంటిమి. తల్లి కూతునకు వేయు పీటను గూర్చి పైన వ్రాసితిమి గదా, వ్రాయునప్పుడు మాకు ఆ కుర్చీయే కనబడుచుండెను. పచ్చడి పంచునపుడు ఒక ముసలమ్మ అతనియెదుట ఆగి, 'నాయనా, మీ నియమం ఒప్పుతుందా?' అని అడిగెను. ఆ సభలో అతనిని సూటిగ ప్రశ్న అడిగినది ఆమె యొక్కతె. 'ఒప్పుతుందమ్మా, బెల్లం ఎక్కువ వెయ్యి' అని అతడు చేయి చాచెను.

సంచికకు చందాలిచ్చినవారి పట్టిక వ్రాయునపుడు చిక్కు వచ్చెను. రసీదు పుస్తకములో అతని పాత పేరున్నది. దానిని అచ్చువేసినచో అతడు నొచ్చుకొనునేమో. కొత్త పేరు వేసినచో ఈ సింగు ఎవడని చదువరులు అడుగుదురేమో. కార్యవర్గమువారు అరగంట వాదించిరి. కొందరు పాత పేరు వేసి బ్రాకెట్లో కొత్తది వేయుదమనిరి. కొందరు పేరే వేయక 'ఒక అభిమాని' అందమనిరి. ఇంత చర్చయు జరుగుచుండగా అతడు మూడిండ్ల అవతల తన దుకాణములో కూర్చుండియే యున్నాడు. కడకు కోశాధికారి లేచి పోయి అడిగి వచ్చెను.

'ఇంటిపేరు ముందు రాయండి, మా నాయన పేరు మొదటి అక్షరం రాయండి, తరువాత నా ఇప్పటి పేరు, సింగ్' అన్నాడట. పట్టికలో అట్లే యున్నది. అక్షరక్రమము ఇంటిపేర్లదే గనుక, అతని పేరు తమ్ముని పేరునకు పక్కనే వచ్చినది.